ఫైలు స్థానసూచిక

ఫైలు స్థానసూచిక అనగా, కంప్యూటరులో తెరచి ఉన్న ఒక ఫైలునందు తరువాత జరగబోయే చదువుట గాని, వ్రాయుట గాని ఏ బైటు వద్ద మొదలు కావలెనో తెలిపే సంఖ్య. ఫైలును తెరచినప్పుడు ఈ సంఖ్య సాధారణంగా సున్న. ఎన్ని బైట్లు చదివితే, లేదా వ్రాస్తే, స్థానసూచిక తనంతట తాను అన్ని బైట్లు ముందుకు జరుగుతుంది. ఈ వరుసను మార్చి, కోరిన చోటికి స్థానసూచికను జరుపుటకు యునిక్స్, లినక్స్ తరగతి ఆపరేటింగ్ సిస్టములలో ఉన్న సిస్టం కాల్ పేరు ఎల్‌సీక్. సీ భాషలోని ఎఫ్‌సీక్, పైథాన్ భాషలోని సీక్, విండోస్‌లోని సెట్‌ఫైల్‌పాయింటర్ కూడా ఇదే పనిని చేస్తాయి.

చూచుటకు ఇది కేవలం ఒక సంఖ్యను మార్చే చిన్న పని. అయినను, ఆ సంఖ్య ఎవరి అధీనంలో ఉన్నది, దానిని ఎవరెవరు పంచుకుంటున్నారు అన్న విషయం తెలియకుండా వాడితే, ఏ దోష సందేశమూ రాకుండానే ఫైలులోని సమాచారం చెరిగిపోగలదు. అందువలన ఫైళ్ళతో పనిచేసే ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ విషయం ముఖ్యమైనది.

వరుస పఠనం, నేరు పఠనం

ఫైలులోని సమాచారాన్ని రెండు విధాలుగా అందుకోవచ్చును. మొదటి నుండి చివరి వరకు క్రమంగా చదువుకుంటూ పోవడం వరుస పఠనం. కావలసిన చోటికి సూటిగా వెళ్ళి అక్కడ మాత్రమే చదవడం నేరు పఠనం. క్యాసెట్టులో ఐదవ పాట వినవలెనన్న మొదటి నాలుగు పాటల టేపును చుట్టక తప్పదు. గ్రామఫోను రికార్డులో అయితే ముల్లును ఎత్తి ఐదవ పాట మీద పెట్టవచ్చును. మాగ్నెటిక్ టేపులు మొదటి తరగతికి, డిస్కులు రెండవ తరగతికి చెందుతాయి.

యునిక్స్ రూపకర్తలైన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఈ రెండు పద్ధతులకు వేర్వేరు ఫైలు రకాలను ఏర్పరచలేదు. వారి దృష్టిలో ఫైలు అనగా బైట్ల వరుస మాత్రమే. స్థానసూచికను కదపకుండా చదువుతూ పోతే అది వరుస పఠనం. మధ్యమధ్య కదుపుతూ చదివితే అది నేరు పఠనం. ఈ విషయాన్ని వారు 1974లో ప్రచురించిన యునిక్స్ పరిచయ వ్యాసంలో వివరించారు.

పనిచేసే విధానం

ఎల్‌సీక్‌కు మూడు విషయాలు తెలుపవలెను.

1. ఏ ఫైలు: ఫైలును తెరచినప్పుడు ఆపరేటింగ్ సిస్టం ఇచ్చిన సంఖ్య. దీనిని ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు.
2. ఎంత దూరం: బైట్లలో కొలత. ఇది ధన సంఖ్య గాని, ఋణ సంఖ్య గాని, సున్న గాని కావచ్చును.
3. ఎక్కడి నుండి: ఫైలు మొదటి నుండి అయితే సీక్_సెట్, ప్రస్తుతం ఉన్న చోటి నుండి అయితే సీక్_కర్, ఫైలు చివరి నుండి అయితే సీక్_ఎండ్.

పని సఫలమైతే ఎల్‌సీక్ కొత్త స్థానాన్ని ఫైలు మొదటి నుండి లెక్కించి తెలుపుతుంది. విఫలమైతే −1 తెలుపుతుంది. అప్పుడు స్థానసూచిక ఉన్నచోటనే ఉంటుంది. ఫలితస్థానం సున్న కంటె తక్కువ అయ్యేటట్లు అడిగితే అది దోషమే. స్థానాల లెక్క సున్నతో మొదలవుతుంది కనుక మొదటి బైటు స్థానం 0, పదవ బైటు స్థానం 9.

ఉదాహరణకు ఒక ఫైలులో 0123456789 అనే పది అంకెలు మాత్రమే ఉన్నవనుకుందాం. ఒక్కొక్క అంకె ఒక్కొక్క బైటు. ఈ ఫైలును చదువుటకు, వ్రాయుటకు తెరచి క్రింది పనులు వరుసగా చేస్తే ఫలితాలు ఇట్లు ఉంటాయి.

- తెరచిన వెంటనే: స్థానం 0.
- మూడు బైట్లు చదివితే: 012 వస్తుంది, స్థానం 3.
- మొదటి నుండి 7 బైట్ల దూరానికి కదిపి ఒక బైటు చదివితే: 7 వస్తుంది, స్థానం 8.
- ఉన్నచోటి నుండి −4 బైట్లు కదిపితే: స్థానం 4. రెండు బైట్లు చదివితే 45 వస్తుంది, స్థానం 6.
- చివరి నుండి −1 బైటు కదిపితే: స్థానం 9. ఒక బైటు చదివితే 9 వస్తుంది, స్థానం 10.
- మరల చదవబోతే: సున్న బైట్లు వస్తాయి. ఫైలు ముగిసినదనుటకు ఇదే గుర్తు.
- మొదటి నుండి 2 బైట్ల దూరానికి కదిపి 55 అని వ్రాస్తే: ఫైలు 0155456789 అవుతుంది, స్థానం 4.

చివరి మెట్టును విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలెను. ఫైలు మధ్యలో వ్రాసినంత మాత్రాన పాత బైట్లు ప్రక్కకు జరిగి చోటు ఇవ్వవు. వాటి స్థానంలో కొత్తవి కూర్చుంటాయి. పై ఉదాహరణలో 23 పోయి 55 వచ్చినది. మధ్యలో కొత్త సమాచారాన్ని చొప్పించవలెనన్న, ఆ చోటు తరువాత ఉన్న భాగమంతటిని చదివి, వెనుకకు జరిపి తిరిగి వ్రాయవలసినదే.

కదపకుండా స్థానాన్ని తెలుసుకొనుటకు, ఉన్నచోటి నుండి సున్న బైట్లు కదపమని అడిగితే చాలును. చివరి నుండి సున్న బైట్లు కదపమని అడిగితే సాధారణ ఫైలు పరిమాణం తెలుస్తుంది. కాని ఈ రెండవ పద్ధతిలో స్థానసూచిక నిజంగానే చివరకు వెళ్ళిపోతుంది. తిరిగి పాత చోటికి తేవడం మరచిన ప్రోగ్రాము, తరువాత చదివినప్పుడు ఖాళీ ఫలితాన్నే పొందుతుంది.

డిస్కు కదలికతో భేదం

హార్డ్ డిస్కులో చదివే శిరస్సు ఒక వలయం నుండి మరొక వలయానికి జరుగుటను కూడా ఆంగ్లంలో సీక్ అనే అంటారు. పేరు ఒకటే అయినను రెండు పనులూ వేరు. ఎల్‌సీక్‌ను పిలిచినప్పుడు సాధారణంగా డిస్కులో ఏదీ కదలదు. కెర్నెల్ తన జ్ఞాపకంలో ఉంచుకున్న సంఖ్య మాత్రమే మారుతుంది. ఆ తరువాత చదివినప్పుడు, కావలసిన భాగం అప్పటికే ప్రధాన జ్ఞాపకంలో లేకపోతేనే డిస్కు వద్దకు వెళ్ళవలసి వస్తుంది.

ఉపయోగాలు

స్థిర పరిమాణం గల రికార్డులు: ఒక పాఠశాల మార్కుల ఫైలులో ఒక్కొక్క విద్యార్థికి సరిగ్గా 64 బైట్లు కేటాయించారనుకుందాం. 250వ విద్యార్థి రికార్డు (250 − 1) × 64 = 15,936వ స్థానంలో మొదలవుతుంది. ముందున్న 249 రికార్డులను చదవనవసరం లేదు. డేటాబేసులు కూడా ఫైలును సమాన పరిమాణం గల పుటలుగా విభజించి, ఇదే లెక్కతో కావలసిన పుటను అందుకుంటాయి.

చివర నుండి చదవవలసిన ఫైళ్ళు: జిప్ ఫైలులోని విషయ సూచిక ఫైలు చివర ఉంటుంది. దానిని విప్పే ప్రోగ్రాము ముందుగా చివరకు వెళ్ళి, సూచిక ఉన్న చోటు తెలుసుకొని, అక్కడి నుండి కావలసిన ఫైలు వద్దకు వెళుతుంది. ఎంపీ3 పాటలలో ఐడీ3 మొదటి కూర్పు ప్రకారం పాట పేరు, గాయకుల పేరు వంటి వివరాలు ఫైలు చివరి 128 బైట్లలో ఉంటాయి. వాటి కొరకు చివరి నుండి −128 బైట్లు కదిపితే సరిపోతుంది.

వెనుకకు వచ్చి పూరించవలసిన ఫైళ్ళు: సాధారణ వేవ్ ధ్వని ఫైలు మొదటి 44 బైట్లలో ధ్వని లక్షణాలతో పాటు పరిమాణం కూడా వ్రాసి ఉంటుంది. ధ్వనిముద్రణ ముగియనిదే ఆ పరిమాణం తెలియదు. కనుక ముద్రించే ప్రోగ్రాము ముందుగా ఖాళీ ఉంచి, చివరలో 4వ స్థానానికి, 40వ స్థానానికి తిరిగి వచ్చి ఆ సంఖ్యలను పూరిస్తుంది. మధ్యలో విద్యుత్తు పోతే ఈ పూరింపు జరగదు. ధ్వని అంతా ఫైలులో ఉన్నప్పటికీ, పరిమాణం తప్పుగా ఉన్నందువలన కొన్ని ప్రోగ్రాములు దానిని వినిపించలేవు. ఆ రెండు సంఖ్యలను సరిచేస్తే ధ్వని మరల వినబడుతుంది.

స్థానసూచిక ఎవరిది

స్థానసూచిక ఫైలుకు చెందినదని కొందరు, ప్రోగ్రాముకు చెందినదని మరికొందరు భావిస్తారు. నిజానికి అది ఆ రెంటికీ చెందదు. ఫైలును తెరచిన ప్రతిసారి కెర్నెల్ తన పట్టికలో ఒక కొత్త పద్దు వ్రాసుకుంటుంది. స్థానసూచిక ఆ పద్దులో ఉంటుంది. గ్రంథాలయంలోని ఒకే పుస్తకాన్ని ఇద్దరు చదువుతూ ఎవరి చోట వారు వేరువేరుగా నెమలీక పెట్టుకున్నట్లు, ఒకే ఫైలును రెండుసార్లు తెరిస్తే రెండు పద్దులు, రెండు స్థానసూచికలు ఏర్పడతాయి. ఒకటి కదిపితే రెండవది కదలదు.

అయితే ఒకే పద్దును ఒకరికంటె ఎక్కువమంది పంచుకొనే సందర్భాలు ఉన్నవి.

- డూప్ అనే సిస్టం కాల్‌తో ఫైల్ డిస్క్రిప్టరుకు నకలు తీసినప్పుడు మూలానికి, నకలుకు పద్దు ఒకటే.
- ఫోర్క్ అనే సిస్టం కాల్‌తో ఒక ప్రాసెస్ మరొక ప్రాసెస్‌కు జన్మనిచ్చినప్పుడు, అప్పటికే తెరచి ఉన్న ఫైళ్ళ పద్దులను రెండూ పంచుకుంటాయి.
- ఒకే ప్రాసెస్‌లోని త్రెడ్లు అన్నియు అవే డిస్క్రిప్టర్లను, అవే పద్దులను వాడతాయి.

ఇక్కడ నెమలీక ఒక్కటే, చదువరులు ఇద్దరు. ఒకరు కదిపితే రెండవవారి చోటు కూడా మారిపోతుంది.

ఈ ఏర్పాటు లోపం కాదు, కావాలని చేసినదే. షెల్‌లో రెండు ఆదేశాలను ఒక కూటమిగా చేర్చి వాటి ఫలితాన్ని ఒకే ఫైలుకు మళ్ళించినప్పుడు, మొదటి ఆదేశం వ్రాసి ముగించిన చోటనే రెండవది మొదలుపెడుతుంది. రెండూ ఒకే పద్దును పంచుకొనుటయే దీనికి కారణం. ఎవరి స్థానసూచిక వారికి ఉన్నట్లయితే రెండవ ఆదేశం కూడా సున్న స్థానం నుండి మొదలుపెట్టి మొదటి ఆదేశపు ఫలితాన్ని చెరిపివేసేది.

రెండు మెట్ల మధ్య ప్రమాదం

కోరిన చోటికి కదలడం ఒక మెట్టు, అక్కడ చదవడం లేదా వ్రాయడం మరొక మెట్టు. ఈ రెండు మెట్ల మధ్య మరొక ప్రాసెస్ గాని, త్రెడ్ గాని జొరబడవచ్చును.

ఉదాహరణకు రుసుముల చిట్టా ఉన్న ఫైలు పరిమాణం 1,000 బైట్లు. రెండు ప్రాసెస్‌లు దానిని వేరువేరుగా తెరచినవి. మొదటి ప్రాసెస్ ఫైలు చివరకు కదిలినది; దాని స్థానం 1,000. అది వ్రాయకముందే రెండవది కూడా చివరకు కదిలినది. దాని స్థానమూ 1,000. ఇప్పుడు మొదటిది 50 బైట్లు వ్రాసినది. అవి 1,000 నుండి 1,049 వరకు ఉన్న స్థానాలలో చేరినవి. తరువాత రెండవది 40 బైట్లు వ్రాసినది. అవి 1,000 నుండి 1,039 వరకు ఉన్న స్థానాలను ఆక్రమించినవి. మొదటి ప్రాసెస్ వ్రాసిన పద్దులో చివరి 10 బైట్లు మాత్రమే తోకవలె మిగిలినవి. రెండు ప్రాసెస్‌లకూ వ్రాత సఫలమైనదనే సమాధానం వచ్చినది. ఒకరు కట్టిన రుసుము చిట్టాలో లేకుండా పోయినది. ఆ విషయం ఎవరికీ తెలియలేదు.

త్రెడ్లలో ప్రమాదం మరొక రూపంలో వస్తుంది. ఒక త్రెడ్ 5,000వ స్థానానికి కదిలిన తరువాత, అది చదవబోయేలోగా మరొక త్రెడ్ అదే స్థానసూచికను 200కు కదిపితే, మొదటి త్రెడ్‌కు తాను అడగని రికార్డు చేతికి వస్తుంది.

ఈ ప్రమాదాల నివారణకు ముఖ్యంగా మూడు మార్గాలు ఉన్నవి.

1. చేర్పు విధానం: ఫైలును ఓ_అపెండ్ అనే గుర్తుతో తెరిస్తే, ప్రతి వ్రాతకు ముందు చివరకు కదలడం, వ్రాయడం అనే రెండు మెట్లను కెర్నెల్ విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది. చిట్టాలకు, లాగ్ ఫైళ్ళకు ఇది తగినది. అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా నెట్‌వర్కులో పంచుకున్న ఫైళ్ళకు ఈ హామీ వర్తించదు.
2. స్థానంతో కూడిన చదువు, వ్రాత: పీరీడ్, పీరైట్ అనే సిస్టం కాల్‌లకు స్థానాన్ని కూడా నేరుగా తెలుపవచ్చును. అవి స్థానసూచికను వాడవు, మార్చవు. పలు త్రెడ్లు ఒకే ఫైలును చదివే ప్రోగ్రాములలో ఇది ఉత్తమ మార్గం. లినక్స్‌లో మాత్రం ఓ_అపెండ్ గుర్తుతో తెరచిన ఫైలులో పీరైట్‌కు ఏ స్థానం చెప్పినా అది చివరనే వ్రాస్తుంది.
3. తాళం: ఫైలుకు గాని, అందులో కొంత భాగానికి గాని తాళం వేసి, పని ముగిసిన తరువాత తీయవచ్చును. తాళాన్ని పాటించే ప్రోగ్రాముల మధ్యనే సాధారణంగా ఇది పనిచేస్తుంది.

కెర్నెల్ రూపకర్తలకు కూడా ఈ సమస్య తప్పలేదు. పద్దును పంచుకున్న రెండు త్రెడ్లు ఏకకాలంలో వ్రాసినప్పుడు స్థానసూచిక సక్రమంగా జరగక, ఒకదాని వ్రాత మరొకదాని మీద పడే అవకాశం లినక్స్‌లో చాలాకాలం ఉండెను. 2014లో వెలువడిన 3.14 కూర్పులో దీనిని సరిదిద్దారు.

ఫైలు చివరను దాటిన స్థానం

స్థానసూచికను ఫైలు చివరను దాటి కూడా జరపవచ్చును. అట్లు జరిపినంత మాత్రాన ఫైలు పెరగదు. అక్కడ ఏదైనా వ్రాస్తేనే పెరుగుతుంది. పాత చివరకు, కొత్త వ్రాతకు నడుమ ఉన్న ఖాళీని రంధ్రం అంటారు. ఆ భాగాన్ని చదివితే సున్న విలువ గల బైట్లు వస్తాయి.

ఖాళీ ఫైలులో 100,00,00,000 స్థానానికి కదిపి ఒక్క బైటు వ్రాస్తే, ఫైలు పరిమాణం 100 కోట్ల ఒక బైటుగా కనిపిస్తుంది. కాని రంధ్రాలను సమర్థించే ఫైలు వ్యవస్థలలో డిస్కు మీద వ్రాయబడేది సాధారణంగా ఒక చిన్న ఖండం మాత్రమే. ఫ్యాట్ వంటి పాత ఫైలు వ్యవస్థలలో ఈ సౌకర్యం లేదు. రంధ్రాలను గుర్తించని ప్రోగ్రాముతో నకలు తీస్తే, నకలులో ఆ సున్నలన్నియు నిజంగా వ్రాయబడి డిస్కు నిండిపోవచ్చును. ఇందుకొరకే రంధ్రం ఎక్కడ ఉన్నది, సమాచారం ఎక్కడ ఉన్నది అని వెదకుటకు సీక్_హోల్, సీక్_డేటా అనే రెండు అదనపు పద్ధతులు వచ్చినవి. ఇవి సొలారిస్‌లో మొదలై, 2011లో వెలువడిన లినక్స్ 3.1 కూర్పులో చేరి, 2024 నాటి పోసిక్స్ ప్రమాణంలో కూడా చోటు పొందినవి.

కదలడానికి వీలులేనివి

యునిక్స్‌లో పైపులను, సాకెట్లను కూడా ఫైళ్ళవలెనే చదవవచ్చును. కాని వాటిలో స్థానసూచికను కదపడానికి వీలులేదు. కాలువలో పారిపోయిన నీటిని వెనుకకు పిలవలేనట్లు, పైపులో చదివిన బైట్లు మరల రావు. అట్టి చోట ఎల్‌సీక్‌ను పిలిస్తే ఈఎస్‌పైప్ అనే దోషం వస్తుంది. అందువలన ఫైలు పేరు ఇచ్చినప్పుడు చక్కగా పనిచేసిన ప్రోగ్రాము, అదే సమాచారాన్ని పైపు ద్వారా పంపినప్పుడు విఫలం కావచ్చును.

సీ భాషలో

సీ భాషా గ్రంథాలయంలోని ఎఫ్‌సీక్ స్థానాన్ని మారుస్తుంది, ఎఫ్‌టెల్ ప్రస్తుత స్థానాన్ని తెలుపుతుంది, రివైండ్ మొదటికి తెస్తుంది. ఎల్‌సీక్ కొత్త స్థానాన్ని తెలుపగా, ఎఫ్‌సీక్ సఫలమైతే సున్నను మాత్రమే తెలుపుతుంది. ఈ గ్రంథాలయం కొంత సమాచారాన్ని ముందుగానే చదివి తన వద్ద నిలువ ఉంచుకుంటుంది. కనుక ప్రోగ్రాము అనుకుంటున్న స్థానం, కెర్నెల్ పద్దులోని స్థానం ఒకటిగా ఉండవు. ఒకే ఫైలు మీద ఎఫ్‌సీక్‌ను, ఎల్‌సీక్‌ను కలిపి వాడరాదనుటకు ఇదే కారణం. ఒకే ఫైలులో వ్రాసిన వెంటనే చదవవలెనన్న, నడుమ ఎఫ్‌ఫ్లష్ గాని, ఎఫ్‌సీక్ వంటి స్థాన ప్రమేయం గాని పిలువవలెనని సీ ప్రమాణం నిర్దేశిస్తున్నది.

తెలుగు పాఠ్యంలో జాగ్రత్త

స్థానసూచిక బైట్లను లెక్కిస్తుంది, అక్షరాలను కాదు. ఆంగ్ల పాఠ్యంలో సాధారణంగా ఒక అక్షరానికి ఒక బైటు కనుక ఈ భేదం బయటపడదు. తెలుగులో వెంటనే బయటపడుతుంది. యూనికోడులో తెలుగుకు కేటాయించిన ప్రతి సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అనే పదంలో కంటికి కనిపించే అక్షరాలు మూడు. యూనికోడు ప్రకారం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని సంకేతాలు ఆరు. ఫైలులో బైట్లు పదునెనిమిది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే పదునెనిమిది బైట్లు కావలెను.

కనుక రెండవ అక్షరం కొరకు 1వ స్థానానికి కదిపితే ‘త’ సంకేతంలోని రెండవ బైటు మధ్యలో పడినట్లవుతుంది. తెర మీద అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. 3వ స్థానానికి కదిపితే సంకేతం సరిగానే మొదలవుతుంది గాని, ఎత్వం తన హల్లు నుండి విడిపోతుంది. 6వ స్థానంలోనే ‘లు’ మొదలవుతుంది. ఇటువంటి చోట వ్రాస్తే హాని ఇంకా ఎక్కువ. ఒక సంకేతంలో సగం చెరిగి మిగిలినది పాడవుతుంది.

యూటీఎఫ్-8లో ఇందుకు ఒక ఉపాయం ఉన్నది. సంకేతానికి మధ్యలో వచ్చే బైట్ల విలువ ఎల్లప్పుడు 128 నుండి 191 వరకు మాత్రమే ఉంటుంది. తెలుగు సంకేతాలలో మొదటి బైటు విలువ ఎల్లప్పుడు 224. తెలుగు పాఠ్యంలో ఎక్కడ పడినా, రెండు బైట్లకు మించకుండా వెనుకకు నడిస్తే సంకేతం మొదలు దొరుకుతుంది. పైథాన్‌లో పాఠ్యరూపంలో తెరచిన ఫైలులో మొదటికి గాని, చివరకు గాని, అంతకుముందు టెల్ తెలిపిన స్థానానికి గాని కదలడం మాత్రమే క్షేమకరం.

చరిత్ర

1971 నాటి యునిక్స్ మొదటి కూర్పు కరదీపికలోనే సీక్ అనే సిస్టం కాల్ ఉన్నది. ఆనాటి పీడీపీ-11 యంత్రంలో పూర్ణసంఖ్యకు 16 బిట్లు మాత్రమే కనుక 65,535ను మించిన దూరాన్ని ఒకేసారి తెలుపుటకు వీలులేకుండెను. పెద్ద ఫైళ్ళ కొరకు దూరాన్ని 512 బైట్ల ఖండాలలో లెక్కించే పద్ధతిని తరువాత చేర్చారు. 1979లో వెలువడిన ఏడవ కూర్పులో దూరాన్ని లాంగ్ అనే 32 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చారు. ఎల్‌సీక్ పేరులోని మొదటి అక్షరం ఆ లాంగ్‌నే సూచిస్తుంది.

32 బిట్ల సంఖ్యకు కూడా 214,74,83,647 అనే హద్దు ఉన్నది. ఫైళ్ళు 2 గిగాబైట్లను దాటడంతో 1990లలో 64 బిట్ల దూరాలను ప్రవేశపెట్టారు. పేరు మాత్రం మారలేదు.

ఇవి కూడా చూడండి

- ఆపరేటింగ్ సిస్టం
- యునిక్స్
- సిస్టం కాల్
- సీ ప్రోగ్రామింగ్ భాష
- యూనికోడు